అంట్ల మిషనూ, ఆవగింజా

అంటు అన్న మాటకి బహువచనం అంట్లు. అంటే తిన్న గిన్నె తాకరానిదని మన పెద్దవాళ్లు ఏనాడో తేల్చేశారన్నమాట. తాకరానిది సరే, మరి దాన్ని తోమేదెవరు? ఆ సంగతి మాత్రం ఏ నిఘంటువులోనూ రాయలేదు. రాయకపోయినా అందరికీ తెలుసు గనక కాబోలు!

2020లో లాక్‌డౌన్ వచ్చి, పనివాళ్లు గడప తొక్కలేని రోజుల్లో మన మధ్యతరగతి ఇళ్లన్నీ ఒక్కసారిగా డిష్‌వాషర్ల వెంట పడ్డాయి. అంతకు ముందు అది అమెరికాలో వున్న పిల్లల దగ్గరికి వెళ్లి చూసొచ్చిన వింత. "అక్కడ గిన్నెలు తోమే పనే లేదు వదినా, తలుపు తీసి పడెయ్యడమే" అని చెప్పుకునే కబురు. అలాంటిది మన వంటింట్లోకే వచ్చేసింది. వచ్చింది బాగానే వుంది. ఇప్పుడేం చేస్తోంది? మా అపార్ట్‌మెంటులో నాకు తెలిసి ఐదిళ్లలో వుంది. ఒకరింట్లో దాన్నిండా కందిపప్పు, మినప్పప్పు డబ్బాలు. ఇంకొకరింట్లో పండక్కి తీసే గాజు సామాను. మరొకావిడ కాఫీ కప్పులు మాత్రం అందులో పెట్టి, మిగతావన్నీ సింకులోనే కానిస్తుంది. ఎవర్నడిగినా ఒకటే మాట. "సరిగ్గా కడగదండీ. మళ్లీ మనమే కడుక్కోవాలి."

ఈ "మళ్లీ మనమే" దగ్గర నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఆ "మనం"లో మగవాళ్లు లేరని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అన్ని వేలు పోసి కొన్న మిషను సరిగ్గా కడగకపోతే దాని నష్టం మిషనుకి కాదు, బిల్లు కట్టిన ఆయనకీ కాదు. రాత్రి తొమ్మిదిన్నరకి సింకు దగ్గర నిలబడే మనిషికి. ఆ గంట నాకు చాలా విలువైనది. నా నవలల్లో సగం ఆ గంటలో రాసినవే. అందుకని మిషను చేత సరిగ్గా పని చేయించుకోవడం నాకు వంటింటి చిట్కా వ్యవహారం కాదు, బ్రతుకుతెరువు వ్యవహారం.

నేను చదివింది బి.ఏ. చరిత్రా, తెలుగూ. మిషన్ల సంగతి నాకేం తెలుస్తుందని మా వారి అభిప్రాయం. అయితే దానితోపాటు వచ్చిన పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. పాత్ర స్వభావం తెలియందే కలం సాగని అలవాటు కదా! బిగించడానికి వచ్చిన కుర్రాడు పది నిమిషాల్లో మీటలన్నీ నొక్కి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. దాని స్వభావం ఏమిటో అతను చెప్పలేదు, ఆ పుస్తకం చెప్పింది.

మనం చేత్తో తోమేటప్పుడు మన ఆయుధం బలం. పీచు పట్టుకుని రుద్దుతాం. కానీ మన చెయ్యి వేడి ఓర్చుకోలేదు, ఘాటు మందులు ఓర్చుకోలేదు, అన్నిటికన్నా ముందు ఓపిక లేదు. మిషనుది సరిగ్గా ఇందుకు విరుద్ధం. దానికి చేతులూ లేవు, పీచూ లేదు. కానీ అరవై, డెబ్భై డిగ్రీల వేడినీళ్లు వాడుతుంది. మన చర్మం భరించలేని క్షారం కలిపిన పొడి వాడుతుంది. రెండు గంటలైనా మూడు గంటలైనా విసుక్కోదు. అదీ సుమారు పది లీటర్ల నీళ్లతో! బకెట్ నిండని ఆ కాసిని నీళ్లనే అడుగున వున్న పంపు పైకి తోస్తుంటే, కిందా మీదా రెండు రెక్కలు ఆ నీటి విసురుకే గిర్రున తిరుగుతూ గిన్నెల మీద చిమ్ముతాయి. మురికి నీళ్లు అడుగున జల్లెడలో వడకట్టుకుని మళ్లీ పైకి. ఇంతే దాని విద్య. నీళ్లు తగలని చోట అది చేయగలిగింది ఏమీ లేదు. వేడీ, మందూ, టైమూ మూడింటిలో దేనికి కత్తెర వేసినా దాని చేతులు కట్టేసినట్టే. "అరగంటలో అయిపోయే ప్రోగ్రాం పెట్టానండీ, జిడ్డు పోలేదు" అంటే ఎలా పోతుంది చెప్పండి? ఆ అరగంట ప్రోగ్రాం మంచినీళ్లు తాగిన గ్లాసులకి. వేపుడు మూకుడికి కాదు. మన నూనెలకీ, మసాలాలకీ డెబ్భై డిగ్రీల ఇంటెన్సివ్ ప్రోగ్రామే మందు.

ఇక మా అత్తగారి సంగతి. ఆవిడకి ఎనభై రెండేళ్లు. మిషను వచ్చిన మొదటి వారం రోజులూ ఆవిడ ప్రతి గిన్నెనీ సబ్బు పెట్టి, పీచుతో రుద్ది, కడిగి, అప్పుడు మిషనులో పెట్టేవారు. "ఎంగిలి గిన్నెలు అలాగే పెట్టెలో పెడతారుటే? శుభ్రమైన పెట్టె మైలపడిపోదూ?" అని. పెళ్లిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు గిన్నెల్ని ముస్తాబు చేసి పంపేవారు. మీ ఇళ్లలోనూ ఇది జరుగుతూనే వుంటుంది, అత్తగారి చేతనో, మీ చేతనో.

చిత్రమేమిటంటే, అలా కడిగి పెడితే మిషను సరిగ్గా కడగదు! ఈ కాలపు మిషన్లు చాలావాటిలో నీళ్ల మురికిని కాంతితో కనిపెట్టే ఏర్పాటు వుంటుంది. ఆటో ప్రోగ్రాములో అది నీళ్లు తేటగా వున్నాయని చూసి, "ఓహో, పెద్ద పనేం లేదు" అనుకుని తొందరగా తేల్చేస్తుంది. అప్పుడు ఆ మధ్యలో ఎక్కడో దాక్కున్న ఒక్క జిడ్డు మూకుడు జిడ్డుగానే మిగిలిపోతుంది. రెండో సంగతి, డిష్‌వాషర్ పొడిలో ఎంజైములు వుంటాయి. ఒక రకం గంజి పదార్థాన్ని విరగ్గొడుతుంది, ఇంకో రకం పాలూ పప్పూ లాంటి వాటి మాంసకృత్తుల్ని. కంచానికి అంటుకున్న మెతుకూ, గిన్నెకి పట్టిన పాల మీగడా వాటికి ఆహారం. వాటిని మనమే తీసేస్తే ఆ పొడిలో డబ్బులిచ్చి కొన్న సగం గుణం వృథా.

అన్నట్టు, ఆ గంజిని విరగ్గొట్టే ఎంజైము పేరు ఎమిలేజ్. అదే జాతి ఎంజైము మన ఉమ్మిలోనూ వుంది. అన్నం నములుతుంటే తియ్యబడేది అందువల్లే. అంటే ఎంగిలి గిన్నెని శుభ్రం చేస్తున్నది ఎంగిలిలోని సరుకులాంటి సరుకే! ఈ ముక్క మా అత్తగారికి చెప్పే ధైర్యం నాకింతవరకు రాలేదు. మీరూ చెప్పకండి.

అలాగని మెతుకులతో, మునక్కాయ తొక్కులతో సహా పెట్టెయ్యమని కాదు. కంచంలో వున్నదంతా చేత్తోనో, గరిటెతోనో చెత్తబుట్టలోకి ఊడ్చెయ్యాలి. కరివేపాకు రెబ్బలు, ఎండుమిరపకాయ తొడిమలు, చింతపండు పీచు ముఖ్యంగా. ఊడ్చాలి, కడగకూడదు. అంతే తేడా. మాడిన పప్పు గిన్నె, ఎండిపోయిన దోసెల పిండి గిన్నె మాత్రం అరగంట నీళ్లలో నాననివ్వండి. మాడుని గీకడానికి దానికి గోళ్లు లేవు. మా అత్తగారికి నేను పని తీసెయ్యలేదు, మార్చాను. ఇప్పుడు ఆవిడ కంచాలు ఊడ్చే శాఖకి అధిపతి. "ఎంత అన్నం పారేస్తున్నారే!" అని రోజూ మమ్మల్ని కోప్పడే అవకాశం కూడా దొరికింది గనక సంతోషంగానే వున్నారు.

ఈ యంత్రానికి మూలపురుషుడు ఎవరూ అంటే, పురుషుడు కాదు. జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ, అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం. ఆవిడ గిన్నెలు తోముకునే మనిషేం కాదు, కలిగిన ఇల్లాలే. పనివాళ్లు తోముతూ తన పింగాణీ సామాను అంచులు పగలగొడుతున్నారని బాధపడి మొదలుపెట్టిందని చెబుతారు. ఈలోగా భర్త పోయాడు, అప్పులు మిగిలాయి. సరదాగా అనుకున్నది కాస్తా అవసరమైంది. 1886 డిసెంబరులో పేటెంటు తీసుకుంది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి కూడా వచ్చింది. అయితే కొన్నవాళ్లు హోటళ్ల వాళ్లు. ఇళ్లలోకి రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. నాకు దీంట్లో నచ్చిన సంగతి, ఆవిడ మొట్టమొదట కూర్చుని తన పళ్లాలనీ, కప్పుల్నీ కొలిచిందట. ఆ కొలతలకి సరిపోయేలా తీగతో అరలు అల్లించింది.

మన కష్టం అక్కడే వచ్చిపడింది. ఆవిడ కొలిచింది ఆవిడ పళ్లాలని. మన అంచు కంచాలనీ, మూతి సన్నం పొట్ట లావు గిన్నెలనీ, బారెడు కాడల గరిటెలనీ ఎవరూ కొలవలేదు. ఇప్పుడిప్పుడే మన దేశం కోసం కడాయిలు పట్టే అరలు పెడుతున్నారు. అయినా సర్దుకోవడం మన తెలివి మీదే వుంది. కంచాల మధ్య ఒక పన్ను ఖాళీ వదలాలి. కంచం ముఖం మధ్యలో తిరిగే రెక్క వైపు చూడాలి. గిన్నె బోర్లించాలి, అదీ కాస్త ఏటవాలుగా, లేకపోతే అడుగున వున్న గుంటలో నీళ్లు నిలిచి మరకకడతాయి. పెద్ద మూకుడు తీసుకెళ్లి పైన బోర్లిస్తే దాని గొడుగు కింద వున్న చిన్న గిన్నెలకి చుక్క నీళ్లు అందవు. స్టీలు చెంచాలు ఒకదాన్నొకటి కౌగిలించుకుని పడుకుంటాయి, వాటిని విడదీసి ఒకటి తల పైకీ, ఒకటి కిందికీ పెట్టాలి. అన్నీ సర్దాక తలుపు వేసేముందు రెక్కని చేత్తో ఒకసారి తిప్పి చూడాలి. పులుసు గరిటె కాడ ఒకటి అడ్డం పడిందంటే ఆ పూట రెక్క తిరగదు, రెండు గంటలూ ఒక మూలే స్నానం.

మా వారు పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఎంగిలి కంచం తీసి సింకులో పెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలాంటి మనిషి మిషను రాగానే, "నువ్వుండు, నేను పెడతాను" అని లేచారు. నేను తెల్లబోయాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. అంట్లు తోమడం ఆడవాళ్ల పని. మిషనులో పెట్టడం ఇంజనీరింగు! సరే, ఏ పేరు పెట్టుకుంటేనేం, పని జరిగితే చాలునని నేను నోరు మెదపలేదు. ఆయన సర్దినప్పుడు గిన్నెలు జాతరకి బయల్దేరిన బస్సులో జనంలా వుండేవి. రాత్రి అందరూ పడుకున్నాక లేచి మళ్లీ సర్దుకోవాలని చెయ్యి ఎంత పీకిందో నాకే తెలుసు. సర్దలేదు. ఇక్కడే చాలామంది ఆడవాళ్లు ఓడిపోతారు. "మీకు చేతకాదు, నేను చేస్తాను లెండి" అన్నామా, ఆ పని మళ్లీ జన్మలో వాళ్ల చేతికి వెళ్లదు. పొద్దున్న తలుపు తీసి, పొడి అంటుకుపోయిన గిన్నెని ఆయన కాఫీ పక్కన పెట్టి వూరుకున్నాను. ఇంజనీరు కదా, వారం తిరిగేసరికి నేర్చుకున్నారు. ఇప్పుడు మా అబ్బాయి ఎవడైనా గ్లాసు వంకరగా పెడితే ఆయనే ఉపన్యాసం ఇస్తున్నారు.

మిషను కొన్నప్పుడు మా ఇంట్లో నిజంగా కలతపడ్డ మనిషి ఇంకొకరున్నారు. పన్నెండేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆవిడ. పాలమూరు వైపు మనిషి. మిషను చూసి మొదట ఏం మాట్లాడలేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "నన్ను బంద్ జెయ్యనీకె తెచ్చిన్రా అమ్మా?" అంది. యంత్రం సౌకర్యం గురించి ఎన్ని మాటలు చెప్పినా ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఇవ్వగలం, జీతం. జీతం పైసా తగ్గలేదు, పని మాత్రం తగ్గింది. చలికాలం పొద్దున్నే ఐస్ లాంటి నీళ్లలో చేతులు పెట్టడం తప్పింది. అయినా ఆవిడకి ఆ పెట్టెంటే సవతి మీద వున్న అభిమానమే. రోజూ ఒక గిన్నె తీసి అడుగు మీద వేలు రాసి చూసేది. కిర్రుమంటే మూతి బిగించి లోపల పెట్టేది. జారితే, ఆహా, ఆవిడ మొహం వెలిగిపోయేది!

కిందటేడు వర్షాకాలంలో ఒక పది రోజులు వరసగా వెలిగిపోయింది. పై అరలో గ్లాసులకి అడుగున ఇసకలాగా తగలడం, కంచాలకి పసుపు చార. పొడి మార్చాం, ప్రోగ్రాం మార్చాం. కంపెనీకి ఫోను చేస్తే మూడు రోజుల తర్వాత వస్తామన్నారు. ఆవిడ ఇదంతా చూసి చూసి, ఒకరోజు ఆ పై రెక్కని వూడదీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "అమ్మా, దీని తూట్లల్ల ఆవాలు ఇరుక్కున్నయి. నీళ్లెట్ల వస్తయి?" అని, చీపురుపుల్ల ఒకటి విరిచి ఒక్కో తూటులోంచీ ఆవగింజ పొడిచి తీసింది. పదకొండు! ఒక మెంతిగింజ కూడా. పోపు లేని వంట మనకి లేదు. ఆ రెక్క తూటు కొలతా, మన ఆవగింజ కొలతా ఎవరో కుదిర్చినట్టు ఒకటే. అప్పటినుంచి నెలకోసారి ఆ రెక్కలు విప్పి కుళాయి కింద పెట్టి చూడటం, వారానికోసారి అడుగున జల్లెడ తీసి పాత పళ్లు తోమే బ్రష్షుతో కడగడం మా ఇంట్లో ఆచారం. ఆ జల్లెడ కడగకుండా మిషను బాగా కడగలేదంటే, మురిక్కాలవలో మునిగి మడి రాలేదన్నట్టు వుంటుంది. కంపెనీ మనిషి వచ్చేసరికి అంతా బాగుంది. తనిఖీ ఫీజు మాత్రం తీసుకునే వెళ్లాడు.

గ్లాసుల మీద తెల్లటి పొర గురించి అడిగేవాళ్లు చాలామంది. అది మురికి కాదు, సున్నం. మాది హైదరాబాదు శివారు, బోరు నీళ్లూ ట్యాంకరు నీళ్లే గతి. తాగేనీళ్లలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకుండా వుంటే మంచిదని, మరో దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. బోరు నీళ్లు ఆ పై అంకెని ఎంత సులువుగా అందుకుంటాయో మన కుంకుడు పులుసుకీ, సబ్బుకీ తెలుసు. అందుకే మిషను అడుగున ఉప్పు పోసే తొట్టి ఒకటి పెట్టారు. చాలామంది అది గిన్నెలు కడగడానికనుకుంటారు. ఆ ఉప్పు గిన్నెల్ని ముట్టుకోనే ముట్టుకోదు. నీళ్లలో సున్నాన్ని పట్టుకునే రెజిన్ అనే పదార్థం లోపల వుంటుంది. అది సున్నంతో నిండిపోయాక, ఉప్పునీళ్లు దాన్ని కడిగి మళ్లీ పనికి సిద్ధం చేస్తాయి. అందుకని అక్కడ వంట ఉప్పు పనికిరాదు, దాంట్లో అయొడినూ, ముద్దకట్టకుండా కలిపేవీ వుంటాయి. డిష్‌వాషర్ ఉప్పని గులకరాళ్లలా విడిగా దొరుకుతుంది. మీ నీళ్లు ఎంత కఠినమో పరీక్ష చేయించి, ఆ అంకె మిషనులో పెట్టాలి. ఉప్పు పోయగానే ఒకసారి మిషను తిప్పెయ్యాలి. ఒలికిన ఉప్పునీళ్లు అలాగే వుంటే స్టీలుకి తుప్పు.

రిన్స్ ఎయిడ్ అని ఇంకో సీసా వుంటుంది. అది చివరి నీళ్లు బొట్లు బొట్లుగా నిలవకుండా పొరలా జారిపోయేటట్టు చేస్తుంది. బొట్టు నిలిస్తేనే కదా మచ్చ! ఇక పొడా, బిళ్లా అంటే నా ఓటు పొడికే. కూర గిన్నెలున్న రోజు ఇంకో చెంచా వేసుకోవచ్చు, తక్కువున్న రోజు తగ్గించుకోవచ్చు. ప్రీవాష్ వున్న ప్రోగ్రామయితే తలుపు లోపలివైపు కూడా చిటికెడు చల్లండి, ఎందుకంటే మూత వున్న గూట్లో పొడి ఆ మొదటి నీళ్లకి అందదు. ఆ పొడిలో ముఖ్యమైన దినుసు మన చాకలి సోడా బంధువే. మా నాయనమ్మ గిన్నెలకి పొయ్యి బూడిద వాడేది, అదీ క్షారమే. ఆవిడకి రసాయన శాస్త్రం రాదు, జిడ్డు సంగతి వచ్చు.

పసుపు మాత్రం మొండిది. ప్లాస్టిక్ డబ్బాకి పట్టిందంటే ఏ పొడికీ లొంగదు, ఒక పూట ఎండలో పెడితే దానంతటదే వెలిసిపోతుంది. అల్యూమినియం గిన్నెలు, ఇత్తడి, రాగి, ఇనప పెనం, చెక్క తెడ్లు, కవ్వం మిషను దరిదాపులకి పోకూడదు. అల్యూమినియం ఒక్కసారికే నల్లబడుతుంది. కుక్కరు స్టీలుదైతే గిన్నె వరకు పెట్టి, గాస్కెట్టూ విజిలూ చేత్తో కడుక్కోవాలి. మా అత్తగారి రాచ్చిప్ప సంగతి నేనసలు ఎత్తనే లేదు. ఆవిడ దాన్ని తన గదిలోనే పెట్టుకున్నారు.

ఇక నెలకోసారి మిషనుకే తలంటు. అందరూ అనుకుంటారు, అస్తమానం వేడినీళ్లలో వుండేదానికి స్నానమేమిటని. దాని గోడలకీ సున్నం పడుతుంది, జిడ్డు పడుతుంది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది కదా, అది రెండు మూడు చెంచాలు లోపల వేసి, గిన్నెలేమీ పెట్టకుండా వేడి ప్రోగ్రాం ఒకటి తిప్పితే తళతళలాడుతుంది. ఆ పని మా అబ్బాయిది. ఈ నెలది ఇంకా కాలేదు. నిన్న గుర్తు చేస్తే, "రేపు చేస్తానమ్మా" అన్నాడు. పొద్దున్న చూస్తే నిమ్మ ఉప్పు పొట్లం మిషను మీదే వుంది, వాళ్ల నాన్నగారు దాని మీద పెన్నుతో తారీకు వేసి పెట్టారు.